శక్తి అంతా చివరికి వేడిలోకే ఎందుకు చేరుతుంది?

20 డిగ్రీల దగ్గరున్న లీటరు నీళ్లను మరిగే దాకా వేడి చేయాలంటే సుమారు 3 లక్షల 36 వేల జౌళ్ల శక్తి కావాలి. అవే నీళ్లను ఒక మీటరు పైకెత్తడానికి 9.8 జౌళ్లు చాలు. మొదటి అంకెను రెండోదానితో భాగించి చూడండి, దాదాపు 34 వేలు వస్తుంది. అంటే నీళ్లను మరిగించే శక్తిని మొత్తంగా వాటిని ఎత్తడానికే వాడగలిగితే, ఆ లీటరు నీళ్లు 34 కిలోమీటర్ల పైకి చేరతాయి. ఎవరెస్ట్‌ను ఒకదాని మీద ఒకటిగా నాలుగుసార్లు పేర్చితే ఇంచుమించు అంత ఎత్తు.

ఎక్కడో సున్నాలు ఎక్కువ పడ్డాయేమో అని అనుమానం రావడం సహజం. పడలేదు. బరువు ఎత్తితే మన నడుము పట్టేస్తుంది కాబట్టి అది పెద్ద పనిలా తోస్తుంది. నీళ్లు వేడెక్కడం మన ప్రమేయం లేకుండా జరిగిపోతుంది కాబట్టి చిన్న విషయంలా కనిపిస్తుంది. అసలు సంగతి తలకిందులుగా ఉంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే వెయ్యి కిలోల కారులో కదలిక వల్ల ఉన్న శక్తి 2 లక్షల జౌళ్లే. లీటరు నీళ్లు మరిగించడానికి అది చాలదు. బడిలో శక్తి పాఠం చాలామందికి గందరగోళంగా మిగిలిపోవడానికి ఒక కారణం, వేడికి ఇంత లోతు ఉందని ఎవరూ చెప్పకపోవడమేనని నాకనిపిస్తుంది.

ఆ లోతును మొదట పట్టుగా కొలిచినవాడు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్. ఇంగ్లండ్‌లో బీరు తయారుచేసే కుటుంబంలో పుట్టినవాడు, ఉష్ణోగ్రతను కచ్చితంగా చూడటం ఆ వ్యాపారంలో అలవాటే. 1840లలో ఆయన చేసిన ప్రయోగం చూడ్డానికి చాలా మామూలుది. బరువులు కిందికి దిగుతుంటే వాటికి కట్టిన తాడు ఒక తెడ్ల చక్రాన్ని తిప్పుతుంది. ఆ తెడ్లు మూసి ఉంచిన పాత్రలోని నీళ్లను చిలుకుతాయి. బరువులు పడిన ఎత్తు తెలుసు, నీళ్లు ఎంత వేడెక్కాయో థర్మామీటర్ చెబుతుంది. కష్టమంతా ఆ రెండోదానితోనే. బరువులను మళ్లీ మళ్లీ పైకెత్తి దించినా ఉష్ణోగ్రత డిగ్రీలో కొంత భాగమే పెరిగేది. అయినా నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎంత పని కావాలో ఆయన తేల్చిన విలువకూ, నేడు మనం వాడే విలువకూ తేడా ఒక శాతం లోపే. దాదాపు 50 మీటర్ల ఎత్తు నుంచి పడే నయాగరా నీళ్లు కింద తగిలాక ఎంత వేడెక్కాలి అని లెక్కేస్తే డిగ్రీలో ఎనిమిదో వంతుకు మించదు. అంత హోరు, అంత నురగ, ఫలితం అది.

ఎక్కడుంది, ఏ దారిన పోయింది

పాత పాఠ్యపుస్తకాల్లో శక్తి రూపాలంటూ ఒక జాబితా ఉండేది: యాంత్రిక శక్తి, విద్యుత్ శక్తి, ఉష్ణ శక్తి, కాంతి శక్తి, ధ్వని శక్తి, రసాయన శక్తి. "ఫ్యాన్‌లో విద్యుత్ శక్తి యాంత్రిక శక్తిగా మారుతుంది" అని రాస్తే మార్కులు పడేవి. ఆ వాక్యం తప్పు కాదు కానీ, దాని వల్ల తెలిసేది కూడా ఏమంత లేదు. గంటసేపు తిరిగిన ఫ్యాన్ రెక్కల వేగం, వేగం అందుకున్న మొదటి నిమిషంలో ఎంత ఉందో అంతే ఉంటుంది. మరి ఆ గంటలో అది లాక్కున్న రెండున్నర లక్షల జౌళ్లు ఎక్కడున్నట్టు?

2016 నుంచి ఇంగ్లండ్ హైస్కూలు సిలబస్‌లు ఈ జాబితాను పక్కన పెట్టి వేరే పద్ధతి పట్టాయి. శక్తి నిల్వ ఉండే చోట్లు వేరు, ఒక నిల్వ నుంచి ఇంకో నిల్వకు అది వెళ్లే దారులు వేరు అని విడదీశాయి. నిల్వలు ఎనిమిది. కదిలే వస్తువులో గతిజ నిల్వ, ఎత్తులో ఉన్నదానికి గురుత్వ స్థితిజ నిల్వ, సాగదీసిన స్ప్రింగ్‌లో స్థితిస్థాపక నిల్వ, ఇంధనాల్లో రసాయన నిల్వ, పరమాణు కేంద్రకంలో కేంద్రక నిల్వ, దేనిలోనైనా దాని ఉష్ణోగ్రతను బట్టి ఉష్ణ నిల్వ. మిగతా రెండూ అయస్కాంతాలకూ, విద్యుదావేశాలకూ చెందినవి, వాటి అవసరం ఇక్కడ పెద్దగా రాదు. దారులు నాలుగే: బలం పెట్టి కదపడం, కరెంటు ప్రవహించడం, వేడి వస్తువు చల్లని వస్తువును తాకడం, వెలుగులాంటి తరంగాలు ప్రసరించడం.

ఈ కోణంలో చూస్తే విద్యుత్, కాంతి, ధ్వని నిల్వలు కావు, దారులు. ఫ్యాన్ ప్రశ్నకు జవాబు కూడా దొరుకుతుంది. కరెంటు దారిన వచ్చిన శక్తిలో కొంత మోటారు తీగలను వేడి చేసింది. మిగతాది రెక్కల ద్వారా గాలికి గతిజ నిల్వగా అందింది. ఆ గాలి గోడలకూ, సామాన్లకూ, తనలోని అణువులకూ రాసుకుని నెమ్మదించింది, ఆ శక్తి వేడిగా మారింది. గంట తర్వాత రెండున్నర లక్షల జౌళ్లూ గది ఉష్ణ నిల్వలోనే ఉన్నాయి. ఫ్యాన్ గదిని చల్లబరచదు, కొద్దిగా వేడెక్కిస్తుంది. చల్లగా అనిపించేది మన చెమట త్వరగా ఆరడం వల్ల. మనిషి లేని గదిలో ఫ్యాన్ వేసి ఉంచితే జరిగేదల్లా ఆ వేడెక్కడమే.

ఈ పద్ధతికీ అతుకులు ఉన్నాయి. సూర్యుడి దగ్గర బయలుదేరిన వెలుగు భూమిని చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. ఆ మధ్యలో శక్తి ఏ నిల్వలో ఉంది అంటే, వెలుగులోనే ఉంది. దాన్ని కేవలం దారి అనడం ఇక్కడ కుదరదు. బడి స్థాయికి ఈ ఇబ్బందిని భరించవచ్చు. ఎందుకంటే "ఎక్కడ ఉండేది, ఇప్పుడెక్కడుంది, ఎంత" అని అడగడం నేర్పడం "ఏ రూపం" అని అడగడం కన్నా చాలా ముందుకు తీసుకెళ్తుంది.

నిల్వ ఒక్కదానిలో ఉండదు

ఎత్తైన చోట ఉన్న రాయికి స్థితిజ శక్తి ఉందంటాం. నిజానికి అది రాయి సొంతం కాదు. భూమిని తీసేస్తే ఆ శక్తీ పోతుంది. అది రాయికీ భూమికీ మధ్య ఉన్న సంబంధానిది.

పెట్రోలుదీ అదే కథ, కానీ ఈ విషయం చాలా తక్కువ మంది గమనిస్తారు. కిలో పెట్రోలులో సుమారు 4 కోట్ల 60 లక్షల జౌళ్లు ఉన్నాయంటారు. పెట్రోలు అణువుల బంధాలు తెగినప్పుడు ఆ శక్తి బయటికొస్తుందని పరీక్షల్లో రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బంధం తెంచాలంటే మనమే శక్తి పెట్టాలి. వచ్చేది కొత్త బంధాలు ఏర్పడేటప్పుడు, కార్బన్, హైడ్రోజన్ పరమాణువులు ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా మారేటప్పుడు. తెంచడానికి పెట్టినదానికన్నా కలిసినప్పుడు వచ్చేది ఎక్కువ, ఆ మిగులే మనం వాడుకునేది. కాబట్టి ఆ నిల్వ పెట్రోలుదీ ఆక్సిజన్‌దీ కలిపి. కిలో పెట్రోలు కాలడానికి మూడున్నర కిలోల దాకా ఆక్సిజన్ కావాలి. కారు దాన్ని మోసుకెళ్లదు, దారి పొడవునా గాలి నుంచి తీసుకుంటుంది. బ్యాటరీకి ఆ వెసులుబాటు లేదు, చర్యలో పాల్గొనే పదార్థాలన్నీ తనలోనే ఉండాలి. లిథియం అయాన్ సెల్ కిలోకు 10 లక్షల జౌళ్ల లోపే దాచుకోవడానికి ఇదొక ముఖ్య కారణం.

టీఎన్‌టీ పేలుడు పదార్థం కూడా తనకు కావలసిన ఆక్సిజన్‌ను తన అణువులోనే పెట్టుకుని ఉంటుంది. అందుకే కిలో టీఎన్‌టీలో ఉన్న శక్తి కిలో పెట్రోలులో ఉన్నదాంట్లో పదో వంతే. మరి అంత విధ్వంసం ఎలా? ఆ కొద్ది శక్తినీ సెకనులో అతి చిన్న భాగంలో వదిలేస్తుంది కాబట్టి. శక్తి ఎంత అనేది ఒక ప్రశ్న, ఎంత త్వరగా అనేది ఇంకో ప్రశ్న. రెండోదానికి పేరు సామర్థ్యం, కొలత వాట్, అంటే సెకనుకు ఒక జౌల్. కదలకుండా కూర్చున్న మనిషి ఒంట్లోంచి వెలువడే వేడి సుమారు 100 వాట్లు. నిండిన హాల్లో ఉక్కపోతకు కారణం అదే, రెండు వందల మంది ఉంటే 20 కిలోవాట్ల హీటర్ పెట్టినట్టే.

కరెంటు మీటరులో ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్లు గంటసేపు, 36 లక్షల జౌళ్లు. దాని పరిమాణం మనసుకు పట్టాలంటే నిల్వల మధ్య పోల్చి చూడటమే మార్గం. ఒక యూనిట్‌తో పదిన్నర లీటర్ల నీళ్లు మరిగించవచ్చు. అంతే శక్తిని ఎత్తు రూపంలో దాచాలంటే టన్ను బరువును 367 మీటర్లు ఎత్తాలి. బ్యాటరీలో అయితే నాలుగైదు కిలోల సెల్స్ సరిపోతాయి. పెట్రోలు రూపంలో వంద మిల్లీలీటర్లకు కొంచెం ఎక్కువ, చిన్న గ్లాసుడు.

వన్ వే దారి

రసాయన నిల్వ నుంచి ఉష్ణ నిల్వకు వెళ్లడానికి అగ్గిపుల్ల చాలు. గతిజ నిల్వ నుంచి వెళ్లడానికి బ్రేక్ నొక్కితే చాలు. తిరుగు ప్రయాణం మాత్రం ఎక్కడా కనపడదు. వేడెక్కిన బ్రేకులు వాటంతట అవే చల్లబడి కారును ముందుకు తోయడం ఎవరూ చూడలేదు. అలా జరిగితే శక్తి నిత్యత్వ నియమానికి ఏ భంగమూ లేదు, జౌళ్ల లెక్క సరిపోతుంది. అయినా జరగదు.

కారు కదులుతున్నప్పుడు దానిలోని పరమాణువులన్నీ ఒకే దిక్కుకు, ఒకే వేగంతో పోతున్నాయి. బ్రేకు వేశాక అదే శక్తి అసంఖ్యాకమైన కణాల అడ్డదిడ్డమైన కంపనంగా మారింది. లీటరు నీళ్లలోనే అణువుల సంఖ్య 33 పక్కన 24 సున్నాలు. అన్ని కణాలు పొరపాటున ఒకేసారి ఒకే దిక్కుకు తిరిగే అవకాశం సూత్రరీత్యా ఉంది, ఆచరణలో సున్నా. చెదిరిపోవడానికి లెక్కలేనన్ని తీర్లు, క్రమంగా ఉండటానికి ఏవో కొన్నే. వేడి వైపు తేలిగ్గా జారిపోవడానికీ, అటు నుంచి రావడం కష్టమవడానికీ మూలం ఈ సంఖ్యాబలమే. "శక్తి ఖర్చయింది" అని మనం అనేది నిజానికి ఈ చెదిరిపోవడాన్నే. జౌల్ ఒక్కటీ తగ్గలేదు, పని చేయించుకోగల వీలు తగ్గింది. అందుకే శక్తి నశించదని చెప్పే పాఠంలోనే శక్తిని పొదుపు చేయమనడం పరస్పర విరుద్ధం కాదు.

అయితే వేడి నుంచి అసలేమీ రాబట్టలేమా? రాబట్టగలం, పన్ను కట్టి. 1824లో ఫ్రాన్స్‌కు చెందిన యువ ఇంజినీరు సాదీ కార్నో ఆ పన్ను ఎంతో చెప్పే దారి చూపించాడు. వేడి వస్తువు నుంచి చల్లని వస్తువుకు వేడి ప్రవహిస్తున్నప్పుడు మాత్రమే మధ్యలో కొంత పని తీసుకోగలం, ఆ కొంతకు గరిష్ఠ హద్దును రెండు ఉష్ణోగ్రతలే నిర్ణయిస్తాయి. యంత్రం ఎంత గొప్పదైనా ఆ హద్దు దాటదు. థర్మల్ కేంద్రంలో ఆవిరి 550 డిగ్రీల దగ్గర, చల్లబరిచే నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. కెల్విన్‌లో, అంటే 273 కలిపితే, అవి 823, 303. 303ను 823తో భాగిస్తే 0.37. అంటే నూటికి 37 పాళ్లు వదిలేయక తప్పదు, పైహద్దు 63 శాతం. రాపిడి, పొగ గొట్టం, పంపులు అన్నీ పోగా మామూలు బొగ్గు కేంద్రాలకు దక్కేది 33 నుంచి 40 శాతం దాకా. పక్కన కనిపించే ఆ పెద్ద కూలింగ్ టవర్లు ఈ పన్ను చెల్లించే చోట్లే. వాటిని చూసి ఇంజినీర్ల చేతకానితనం అనుకోవడం పొరపాటు.

జలవిద్యుత్‌లో ఈ గొడవ లేదు. ఎత్తు నుంచి నేరుగా కదలికకు, కదలిక నుంచి కరెంటుకు. మధ్యలో వేడి మెట్టు లేదు కనుక 90 శాతం దక్షత మామూలు విషయం.

కార్నో లెక్కను వెనక్కి నడిపితే ఫ్రిజ్ వస్తుంది. అది చల్లదనాన్ని తయారుచేయదు, లోపలి వేడిని తోడి వెనకవైపు పారబోస్తుంది, ఆ తోడటానికి వాడిన కరెంటు కూడా అక్కడే వేడిగా కలుస్తుంది. అందుకే మూసిన గదిలో ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచితే గది వేడెక్కుతుంది. చలి దేశాల్లో ఇళ్లను వెచ్చబరిచే హీట్ పంప్ కూడా ఈ యంత్రమే, ముఖం ఇటు తిప్పింది. ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడి లోపలికి తెస్తుంది. వినగానే మోసంలా ఉంటుంది. మిగతా రెండు యూనిట్లు బయటి చల్లగాలిలో ముందే ఉన్నవి.

నిల్వను నింపిందెవరు

వనరుల దగ్గరికి వస్తే పునరుత్పాదకమా, కాదా అని రెండు గళ్లుగా విడగొట్టడం అలవాటు. అడగాల్సింది ఆ నిల్వ ఎంత వేగంగా నిండుతోంది, మనం ఎంత వేగంగా ఖాళీ చేస్తున్నాం అని. కట్టె కూడా నరికినంత వేగంగా చెట్లు పెరగని చోట తరిగిపోయే వనరే.

బొగ్గులో చాలా భాగం 30 నుంచి 36 కోట్ల ఏళ్ల కిందటి అడవులది. వాటి ఆకులు సూర్యకాంతి దారిన వచ్చిన శక్తితో కార్బన్‌ను ఆక్సిజన్ నుంచి విడదీశాయి, ఆ కార్బన్ కుళ్లకుండా బురదలో పూడిపోయింది. ఆ విడాకులను మనం బాయిలర్‌లో రద్దు చేస్తున్నాం. గాలి, నది, పెట్రోలు, తిండి అన్నింటి వెనకా సూర్యుడే ఉన్నాడు. అక్కడ కేంద్రక నిల్వ నుంచి సెకనుకు 40 లక్షల టన్నులకు పైగా ద్రవ్యరాశికి సమానమైన శక్తి వెలువడుతోంది. అందులో భూమి మీద పడేది అతి స్వల్పం, అయినా వాతావరణం పైఅంచున చదరపు మీటరుకు సుమారు 1361 వాట్లు. మనుషులందరూ ఏడాదికి వాడే శక్తి భూమికి గంటా గంటన్నరలో అందుతుంది. కొరత శక్తికి కాదు. అది పలచగా పరుచుకుని వస్తుంది, రాత్రి రాదు, మబ్బుకు తగ్గుతుంది. గాలిదీ ఇలాంటి చపలత్వమే: దాని సామర్థ్యం వేగం ఘనాన్ని బట్టి ఉంటుంది, వేగం సగానికి పడితే చేతికొచ్చేది ఎనిమిదో వంతు.

సూర్యుడి వెలుగుతో సంబంధం లేనివి మూడు. భూమి లోపలి వేడి, కొంత భూమి పుట్టుకప్పటిది, కొంత రేడియోధార్మిక మూలకాల క్షయం వల్ల వస్తున్నది. యురేనియం, సూర్యుడు పుట్టకముందే నక్షత్రాల ఉత్పాతాల్లో తయారై భూమిలో చేరింది. కిలో యురేనియం 235 పూర్తిగా విచ్ఛిత్తి చెందితే వచ్చే శక్తి సుమారు 3 వేల టన్నుల బొగ్గుకు సమానం. మూడోది ఆటుపోట్లు. ఫ్రాన్స్‌లోని రాన్స్ నదీముఖం దగ్గర 1966లో మొదలైన 240 మెగావాట్ల కేంద్రం చంద్రుడి వల్ల నడుస్తోంది అంటారు. చంద్రుడు లాగేవాడే. శక్తి మాత్రం ఎక్కువగా భూభ్రమణం నుంచే వస్తోంది. ఆటుపోట్ల రాపిడికి రోజు నిడివి శతాబ్దానికి సుమారు 2 మిల్లీసెకన్లు పెరుగుతోంది, చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. కేంద్రం ఉన్నా లేకున్నా ఇది జరిగేదే.

కరెంటు వనరు కాదు, హైడ్రోజన్ కూడా కాదు. హైడ్రోజన్ గనులను నమ్ముకుని ఎవరూ బండ్లు నడపడం లేదు, ఈరోజు వాడకంలో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం సహజ వాయువు నుంచో బొగ్గు నుంచో తీసిందే. దాన్ని తయారుచేయడానికి ముందు వేరే నిల్వ ఖాళీ కావాలి. "నీళ్లతో నడిచే కారు" వార్త కనపడినప్పుడల్లా ఇది గుర్తు చేసుకుంటే సరి. నీరంటే అప్పటికే కాలిపోయిన హైడ్రోజన్.

బొగ్గు, చమురు, సౌర, పవన విద్యుత్‌ల వాటాలు చూపించే చార్టుల్లోనూ ఒక మెలిక ఉంది. బొగ్గు గడిలో వేసేది కాల్చినప్పుడు వచ్చిన మొత్తం వేడి, అందులో మూడింట రెండు వంతులు కూలింగ్ టవర్ పాలయ్యేదే. సౌర విద్యుత్ గడిలో కొన్ని లెక్కల్లో తీగలోకి వచ్చిన కరెంటే ఉంటుంది. మూడు యూనిట్ల బొగ్గు వేడి స్థానాన్ని భర్తీ చేయడానికి ఒక్క యూనిట్ సౌర విద్యుత్ చాలు. కార్లలోనూ అంతే, పెట్రోలు శక్తిలో చక్రాలకు చేరేది 20 నుంచి 30 శాతం, బ్యాటరీ నుంచి 80 శాతం పైమాటే. కాబట్టి ఇప్పుడు కాలుస్తున్న ప్రతి జౌల్‌కూ ఇంకో జౌల్ వెతకాలనుకుని బెంగపడేవాళ్లు అవసరాన్ని బాగా ఎక్కువ వేసుకుంటున్నారు.

ఈ ఊరట అన్నిచోట్లా దొరకదు. విమాన ఇంధనంలో కిలోకు 4 కోట్ల 30 లక్షల జౌళ్లు, బ్యాటరీలో 10 లక్షల లోపు. ఎలక్ట్రిక్ మోటారు దక్షత జెట్ ఇంజిన్‌కు రెట్టింపు దాటుతుంది, అది కలుపుకున్నా తేడా ఇరవై రెట్ల దగ్గర నిలుస్తుంది. పైగా ఇంధనం కాలుతున్నకొద్దీ విమానం తేలికవుతుంది. ఖాళీ అయిన బ్యాటరీని మాత్రం దిగేదాకా మోయాల్సిందే.